ప్రిష్తినాలో ఫుట్‌బాల్ నడక: ఒక కొత్త దేశపు ఆటను పరిచయం చేసే టూరుపై సమీక్ష

కొసొవో రాజధాని ప్రిష్తినాలో గైడ్ వెంట నగరం చుట్టి చూసే వాకింగ్ టూర్లు ఉన్నాయి. వాటిలో ఒకటి పూర్తిగా ఫుట్‌బాల్‌కే కేటాయించినది. 2008 ఫిబ్రవరి 17న స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఈ చిన్న దేశంలో ఆ ఆట ఎలా నిలదొక్కుకుందో సుమారు మూడు గంటల నడకలో చెప్పడం దాని ఉద్దేశం. ధర మనిషికి 25 యూరోలు. మరో 30 యూరోలు చెల్లిస్తే మధ్యాహ్నం వ్యానులో మిత్రోవిత్సా పట్టణానికి తీసుకెళ్లి చీకటి పడేలోగా తిరిగి దింపుతారు. నేను రెండూ తీసుకున్నాను. నడిపేది ఇంకా కుదురుకుంటున్న చిన్న బృందం కనుక, ఇక్కడ మెచ్చుకోళ్లతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి కనుక, వారి పేరు రాయడం లేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. కొసొవో ఫుట్‌బాల్ ప్రపంచం చేత గుర్తింపు పొందిన కథను ఈ టూరు చాలా బాగా చెబుతుంది. ఆ జట్టులో ఆడేవారు ఎక్కడ, ఏ మైదానాల్లో తయారయ్యారన్న కథను మాత్రం సగంలోనే వదిలేస్తుంది. అయినా పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుందనే అంటాను.

కొసొవో వైశాల్యం సుమారు 10,900 చదరపు కిలోమీటర్లు, అంటే ఉమ్మడి గుంటూరు జిల్లా కంటే కాస్త తక్కువ. జనాభా సుమారు 16 లక్షలు. ఉమ్మడి గుంటూరులో మూడో వంతు. వందకు పైగా దేశాలు దాన్ని స్వతంత్ర దేశంగా గుర్తించాయి; సెర్బియా, రష్యా, చైనా, స్పెయిన్ గుర్తించలేదు, భారతదేశం కూడా గుర్తించలేదు. ఐక్యరాజ్యసమితిలో దానికి సభ్యత్వం లేదు. జర్మనీలో నివాస అనుమతి ఉన్న నాకు విడిగా వీసా అవసరం పడలేదు కానీ, ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి మన పాస్‌పోర్టుతో వెళ్లేవారు బయలుదేరే ముందు సరిచూసుకోవడం మంచిది. ఈ వివరాలకూ టూరుకూ సంబంధం ఉంది. ఐక్యరాజ్యసమితిలో కుర్చీ లేని దేశానికి ఫిఫాలో ఓటు ఎలా వచ్చిందన్నదే ఆ మూడు గంటలకు వెన్నెముక.

నడక మొదలయ్యేది న్యూబార్న్ అనే ఆంగ్ల పదాన్ని నిలువెత్తు లోహపు అక్షరాలతో నిలిపిన కట్టడం దగ్గర. స్వాతంత్ర్యం ప్రకటించిన రోజునే దాన్ని ఆవిష్కరించారు, ఏటా ఆ తేదీకి కొత్త రంగులు వేస్తారు. దాని వెనుక ఉన్న యువజన క్రీడా భవనం కొసొవో సెర్బియాలోనూ, సెర్బియా యుగోస్లావియాలోనూ భాగంగా ఉన్న కాలం నాటిది. 2000లో జరిగిన అగ్నిప్రమాదంలో కొంత భాగం దెబ్బతిన్నది. ఆ భవనాన్ని ఆనుకునే ఫాదిల్ వోక్రి స్టేడియం ఉంది. నగరం నడిబొడ్డున, కాఫీ హోటళ్లకు కూతవేటు దూరంలో జాతీయ స్టేడియం ఉండడం ఈ టూరుకు పెద్ద వరం, ఎందుకంటే చూపవలసిన ముఖ్యమైన స్థలాలన్నీ కాలినడక దూరంలోనే దొరుకుతాయి. గైడ్ ముప్పై దాటని యువకుడు, ఒకప్పుడు స్థానిక క్లబ్బులో జూనియర్ స్థాయిలో ఆడినవాడు. ఇంగ్లీషు స్పష్టంగా మాట్లాడతాడు, తేదీలు తడుముకోకుండా చెబుతాడు. అన్నిటికంటే నాకు నచ్చింది, తెలియని ప్రశ్న అడిగితే కల్పించి చెప్పకుండా తరువాత సందేశం పంపుతానని అనడం. అన్నట్టే పంపాడు కూడా.

టూరులో అత్యుత్తమ భాగం స్టేడియం గోడ పక్కన నిలబెట్టి చెప్పిన 1990ల కథ. అంతకు ముందు దశాబ్దంలో ప్రిష్తినా క్లబ్బు యుగోస్లావియా మొదటి డివిజన్‌లో ఉండేది. 1983 నుంచి 1988 దాకా అక్కడ ఆడి, రెడ్ స్టార్ వంటి మేటి జట్టును దాని సొంతగడ్డ అయిన సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లోనే ఓడించిన రోజులు చూసింది. 1989లో కొసొవో స్వయంప్రతిపత్తిని సెర్బియా ప్రభుత్వం హరించింది. జనాభాలో అత్యధికులైన అల్బేనియన్లు ఉద్యోగాల నుంచీ పాఠశాలల నుంచీ గెంటివేతకు గురయ్యారు. ఇళ్లలో బడులు, ఇళ్లలోనే వైద్యం అన్నట్టుగా వారొక సమాంతర వ్యవస్థను నిర్మించుకున్నారు. ఫుట్‌బాల్ కూడా అదే దారి పట్టింది. 1991లో అల్బేనియన్ ఆటగాళ్లు యుగోస్లావ్ పోటీల నుంచి బయటికి వచ్చి తమ సొంత లీగును నడుపుకోవడం ప్రారంభించారు. స్టేడియాల్లోకి ప్రవేశం లేదు కనుక ఊరి చివర పచ్చిక బయళ్లలో, పొలాల పక్కన, చదునుగా కనిపించిన ప్రతి చోటా గీతలు గీసుకుని ఆడారు. ఆట అయ్యాక పక్కనున్న వాగులోనే కాళ్లు కడుక్కుని, పోలీసులు వచ్చి ఆపితే మరో చోటికి మారి మిగిలిన ఆట ముగించేవారు. గైడ్ ఇదంతా చెబుతూ నాటి ఫొటోలను చూపించాడు. గుట్ట వాలు మీద వేలమంది కూర్చుని ఉన్నారు, కింద మైదానంలో గోల్‌పోస్టుకు వల లేదు. ఆ ఫొటోల దగ్గర అతను తొందరపడలేదు, మమ్మల్నీ తొందరపెట్టలేదు. అక్కడ గడిపిన సమయానికే 25 యూరోలలో సగం చెల్లిపోయిందని నా లెక్క.

యుగోస్లావియా ప్రస్తావన వచ్చినప్పుడు హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి విని పెరిగినవారికి తట్టే సంగతి ఒకటుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన భారత జట్టు ముందుగా గోల్ చేసి కూడా 4–1తో ఓడింది ఈ యుగోస్లావియా చేతిలోనే. అంతకు నాలుగేళ్ల క్రితం హెల్సింకీలో 10–1తో చిత్తయిందీ దాని చేతిలోనే. సికింద్రాబాద్‌కు చెందిన తులసీదాస్ బలరాం మెల్‌బోర్న్ జట్టులో ఉన్నారు. ఈ మాట చెప్పగానే గైడ్ ఆసక్తిగా విని, తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ కాలపు యుగోస్లావియా ఎంత బలమైన జట్టో తెలిస్తే, ముప్పై ఏళ్ల తరువాత అందులో చోటు సంపాదించిన ఫాదిల్ వోక్రి ఘనత ఎంతటిదో మరింత తేటగా అర్థమవుతుంది.

వోక్రి 1960లో పొదుయేవాలో పుట్టాడు. ప్రిష్తినా తరఫున, తరువాత బెల్‌గ్రేడ్‌లోని పార్టిజాన్ తరఫున ఆడాడు. ఫ్రాన్సులోనూ తుర్కియేలోనూ రాణించాడు. కొసొవో అల్బేనియన్లలో యుగోస్లావియా జాతీయ జట్టుకు ఆడిన తొలి వ్యక్తి అతనే, 12 మ్యాచ్‌లలో 6 గోల్స్ చేశాడు. 2008లో కొసొవో ఫుట్‌బాల్ సమాఖ్య పగ్గాలు చేపట్టినప్పుడు ఆ సమాఖ్యకు అంతర్జాతీయంగా ఏ హోదా లేదు. సాటి ఆటగాడిగా యూరప్ అంతటా సంపాదించుకున్న పరిచయాలను అతడు ఓట్లుగా మార్చుకున్నాడు. పార్టిజాన్‌కు ఆడినందువల్ల బెల్‌గ్రేడ్‌లో కూడా అతనంటే గౌరవం ఉండేదని గైడ్ చెప్పిన మాట ఆలోచింపజేసింది. ద్వేషించడానికి వీలుకాని మనిషిని ముందు నిలబెట్టడం కొసొవోకు కలిసివచ్చింది. 2018 జూన్ 9న, 57 ఏళ్ల వయసులో, అతడు హఠాత్తుగా మరణించాడు. మరమ్మతులు పూర్తికావస్తున్న నగర స్టేడియానికి అతని పేరు పెట్టారు.

ఇక గుర్తింపు కథ. ఇక్కడ గైడ్ పద్ధతి చాలా బాగుంది. మైకులో ఉపన్యాసం ఇవ్వడానికి బదులు, ఒక్కో తేదీ రాసిన అట్టముక్కలను మా చేతికిచ్చి వరుసలో పెట్టమన్నాడు. మొదటిది 2014 మార్చి 5. ఫిఫా అనుమతితో కొసొవో ఆడిన మొట్టమొదటి స్నేహపూర్వక మ్యాచ్ అది, మిత్రోవిత్సాలో హైతీతో 0–0గా ముగిసింది. అనుమతికి షరతులు ఉన్నాయి: జెండా ఎగరవేయకూడదు, జాతీయ గీతం వినిపించకూడదు, పూర్వపు యుగోస్లావియాకు చెందిన దేశాలతో ఆడకూడదు. కొసొవో జాతీయ గీతానికి అసలు సాహిత్యమే లేదు, సంగీతం మాత్రమే ఉంది. ఏ ఒక్క జాతి భాషకూ పెద్దపీట వేయకూడదని అలా ఉంచారు. పాడేందుకు మాటలే లేని గీతాన్ని కూడా నిషేధించారని గైడ్ నవ్వుతూ చెప్పాడు. రెండో ముక్క 2016 మే 3. బుడాపెస్ట్ సమావేశంలో 28–24 ఓట్ల తేడాతో యూరప్ ఫుట్‌బాల్ సంఘమైన యుఏఫా కొసొవోను తన 55వ సభ్యదేశంగా చేర్చుకుంది. మూడోది పది రోజుల తరువాతిది, మెక్సికో సిటీలో ఫిఫా 141–23 ఓట్లతో తలుపు తెరిచింది. సెర్బియా క్రీడా వివాదాల న్యాయస్థానాన్ని ఆశ్రయించింది, 2017 జనవరిలో ఆ అప్పీలు వీగిపోయింది. బుడాపెస్ట్‌లో కేవలం నాలుగు ఓట్ల ఆధిక్యం అన్న సంగతిని అట్టముక్క తిప్పి చూసినప్పుడు మా గుంపులో అందరూ ఒకసారి ఆగారు. ఇద్దరు ప్రతినిధులు మనసు మార్చుకుని ఉంటే లెక్క సమానమయ్యేది.

నాలుగో ముక్క 2016 సెప్టెంబరు 5. ఫిన్లాండ్‌లోని తుర్కు నగరంలో తొలి అధికారిక మ్యాచ్, అది కూడా ప్రపంచ కప్ అర్హత పోటీ. అప్పటికే వేరే దేశాలకు ఆడివున్న ఆరుగురు ఆటగాళ్లకు కొసొవో తరఫున ఆడేందుకు అనుమతి ఆట మొదలయ్యే కొద్ది గంటల ముందు వచ్చింది. వారిలో ఒకడైన వలోన్ బెరిషా అంతకు ముందు నార్వేకు ఆడేవాడు. పెనాల్టీని గోల్‌గా మలిచి స్కోరును 1–1 చేశాడు. ఆ తరువాత మిగిలినదంతా ఓటములే. ఆ అర్హత పోటీల్లో పది మ్యాచ్‌లకు దక్కింది ఒకే ఒక్క పాయింటు. యుఏఫా ప్రమాణాలకు తూగే స్టేడియం దేశంలో ఒక్కటీ లేకపోవడంతో సొంత మ్యాచ్‌లను పొరుగున ఉన్న అల్బేనియాలో, ష్కోదర్‌లో ఆడవలసి వచ్చింది. క్రొయేషియాతో అక్కడ జరిగిన మొదటి ‘సొంత’ మ్యాచ్‌లో 6–0తో ఓడిపోయారు. ఇలాంటి పరాజయాలను దాటవేయకుండా చెప్పడం ఈ టూరుకు విశ్వసనీయతను ఇచ్చింది. దేశభక్తి పేరుతో గెలుపులనే ఏకరువు పెట్టే పర్యాటక సేవలు మనకు కొత్తకాదు కదా.

ఫాదిల్ వోక్రి స్టేడియంలో సుమారు 13,500 మంది కూర్చోవచ్చు. 2018 సెప్టెంబరు 10న, అతడు పోయిన మూడు నెలలకు, అక్కడే ఫారో దీవులను 2–0తో ఓడించి కొసొవో తన తొలి అధికారిక విజయాన్ని నమోదు చేసింది. స్విట్జర్లాండ్‌కు చెందిన కోచ్ బెర్నార్డ్ షాలాంద్ ఆధ్వర్యంలో ఆ సంవత్సరం, యూరప్ దేశాల జట్లు తలపడే నేషన్స్ లీగు అట్టడుగు విభాగంలో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా పై విభాగానికి చేరింది. చివరి పోరులో అజర్‌బైజాన్‌పై 4–0తో నెగ్గినప్పుడు అర్బెర్ జెనెలి హ్యాట్రిక్ కొట్టాడు. 2019 సెప్టెంబరులో చెక్ రిపబ్లిక్‌ను ఇక్కడే 2–1తో ఓడించారు. మూడు రోజుల తరువాత సౌతాంప్టన్‌లో ఇంగ్లండ్‌పై మొదటి నిమిషంలోనే గోల్ చేశారు. విరామానికి 5–1తో వెనకబడి, చివరికి 5–3తో ఓడారు. 15 మ్యాచ్‌ల అజేయ యాత్ర అక్కడ ఆగింది కానీ, ఆ రాత్రి తరువాతనే యూరప్ ఈ జట్టు పేరు పలకడం నేర్చుకుందని గైడ్ అన్నాడు. ఆ అంచనాతో నేను ఏకీభవిస్తాను.

ఈ భాగంలో టూరు స్టేడియం నుంచి బిల్ క్లింటన్ పేరిట ఉన్న వీధికి మళ్లుతుంది. అక్కడ ఆయన విగ్రహం ఉంది. 1999లో కొసొవో యుద్ధంలో సెర్బియా బలగాలకు వ్యతిరేకంగా నాటో జోక్యం చేసుకున్నందుకు కృతజ్ఞతగా పెట్టినది అది. 2019 నవంబరులో ఇంగ్లండ్ జట్టు ప్రిష్తినాకు వచ్చి 4–0తో గెలిచి వెళ్లినా, నగరం వారికి ప్రత్యర్థులుగా కాక అతిథులుగా స్వాగతం పలికింది కూడా, ఆ జోక్యంలో బ్రిటన్ పాలుపంచుకున్న కారణంగానే. ఫుట్‌బాల్ టూరులో ఒక రాజకీయ నాయకుడి విగ్రహం ఎందుకన్న సందేహానికి ఈ ఉదంతంతో జవాబు దొరికింది. ఆ తరువాత మదర్ థెరిసా పేరు పెట్టిన, వాహనాలు తిరగని వీధి వస్తుంది. ఆమె స్కోప్యేలో అల్బేనియన్ కుటుంబంలో పుట్టారు. మనవాళ్లు అక్కడ ఫొటో దిగకుండా ముందుకు కదలరు, గైడ్‌కు అది ముందే తెలుసు.

ఇప్పుడు లోపాలు. మాతో వచ్చినవారి సంఖ్య ఎక్కువ, నడిచే దారి ఇరుకు. వెనుక నిలబడినవారికి వినిపించేందుకు చెవికి తగిలించే చిన్న యంత్రాలు ఇచ్చారు కానీ, ప్రధాన రహదారి దాటుతున్నప్పుడల్లా వాటిలో గరగర తప్ప మాట వినపడలేదు. ష్కోదర్ రోజుల గురించిన ముఖ్యమైన వివరణలో కొంత నాకు అలా పోయింది, తరువాత విడిగా అడిగి తెలుసుకోవలసి వచ్చింది. స్టేడియం లోపలికి ప్రవేశం లేదు. బుకింగ్ పేజీలో పచ్చిక మీద నిలబడిన పర్యాటకుల ఫొటో పెట్టి, లోపలికి వెళ్లేది అనుమతి దొరికిన రోజుల్లోనేనని అడుగున చిన్న అక్షరాల్లో రాయడం బాగాలేదు. ఇనుప గేటు సందుల్లోంచి కుర్చీల వరుసలు చూసి తృప్తి పడ్డాం. అనుమతి తమ చేతిలో లేని పని కావచ్చు, ఆ మాటనే పైన రాస్తే సరిపోయేది.

వీటికంటే నన్ను ఎక్కువగా నిరాశపరచింది కాఫీ దగ్గర కూర్చోబెట్టి చెప్పిన చివరి అధ్యాయం. ప్రిష్తినాలో మకియాతో కాఫీ నిజంగానే గొప్పది, అది టికెట్టులోనే కలిసి ఉంటుంది. అక్కడ వలస ఆటగాళ్ల గురించి వివరంగా మాట్లాడారు. 1990ల అణచివేత, యుద్ధం కారణంగా లక్షల మంది స్విట్జర్లాండ్, జర్మనీ, స్వీడన్, నార్వేలకు వెళ్లిపోయారు. వారి పిల్లలు అక్కడి అకాడమీల్లో శిక్షణ పొందారు. గ్రానిత్ జాకా, జిలాన్‌లో పుట్టిన జెర్దాన్ షాచిరి స్విట్జర్లాండ్ జట్టులోనే ఉండిపోయారు. 2016 యూరో పోటీల్లో జాకా స్విట్జర్లాండ్‌కు, అతని అన్న తౌలాంత్ అల్బేనియాకు ఆడుతూ ఎదురెదురుగా నిలిచారు. బెర్లిన్‌లో పుట్టిన ఫిస్నిక్ అస్లాని, స్విట్జర్లాండ్‌లో పుట్టిన గోల్‌కీపర్ అరియానెత్ మురిచ్ కొసొవోను ఎంచుకున్నారు. ఇదంతా నిజమే, ఆసక్తికరమే. అయితే వింటున్నవారికి ఈ జట్టు మొత్తాన్నీ విదేశీ అకాడమీలే తయారుచేసి అప్పగించాయన్న భావన కలుగుతుంది. అది వాస్తవానికి దూరం.

జట్టు కెప్టెన్‌గా వ్యవహరించే, నాపోలీతో 2023లోనూ 2025లోనూ ఇటలీ లీగు గెలిచిన అమీర్ రహ్మానీ ప్రిష్తినాలో పుట్టి ఇక్కడి క్లబ్బుల్లోనే ఎదిగాడు. దేశం తరఫున అత్యధిక గోల్స్ చేసిన వెదాత్ మురిచి ప్రిజ్రెన్‌వాడు. స్థానిక లిరియా క్లబ్బు నుంచి అల్బేనియాకు, అక్కడి నుంచి తుర్కియేలోని చిన్న క్లబ్బులకు, ఫెనెర్‌బాచేకు, లాజియోకు, చివరికి స్పెయిన్‌లోని మయోర్కాకు మెట్టుమెట్టుగా ఎక్కాడు. మిలోత్ రషీత్సా వుష్త్రిలో మొదలుపెట్టాడు. అంటే ఏ అధికారిక గుర్తింపూ లేని, కనీస వసతులు కూడా లేని లీగు మైదానాల నుంచే జట్టుకు వెన్నెముక వంటి రక్షణకూ, దాడికీ ఆధారమైనవారు వచ్చారు. 1990ల పచ్చిక బయళ్ల కథను అంత శ్రద్ధగా చెప్పిన గైడ్, ఆ మైదానాల్లో ఆడిన తరం తమ తరువాతివారికి శిక్షకులుగా మారిన సంగతిని ఈ ఆటగాళ్లతో ఎందుకు కలపలేదో నాకు అర్థం కాలేదు. ఒక చిన్న క్లబ్బు మైదానాన్ని, సాయంత్రపు పిల్లల శిక్షణను ఒక్క అరగంట చూపించినా ఈ వెలితి తీరేది.

క్లబ్బుల ప్రస్తావన కూడా తొందర తొందరగా ముగిసింది. సుహారెకా పట్టణానికి చెందిన బల్కాని 2022లో యూరప్ కాన్ఫరెన్స్ లీగు గ్రూపు దశకు చేరిన తొలి కొసొవో క్లబ్బుగా నిలిచింది. తుర్కియే క్లబ్బు సివాస్‌స్పోర్‌ను దాని సొంతగడ్డపై 4–3తో ఓడించింది. జిలాన్‌కు చెందిన ద్రితా 2018లో ఛాంపియన్స్ లీగు ప్రాథమిక దశలో మ్యాచ్ నెగ్గింది. అదంతా గైడ్ నాలుగు వాక్యాల్లో తేల్చేశాడు. మహిళల ఫుట్‌బాల్‌కు అంతకంటే తక్కువ దక్కింది. మిత్రోవిత్సా మహిళల క్లబ్బు 2019లో యూరప్ మేటి క్లబ్బైన వోల్ఫ్స్‌బర్గ్‌తో ఛాంపియన్స్ లీగులో తలపడిన విషయాన్ని గుంపులో ఒక జర్మన్ యువతి చెబితే తప్ప ప్రస్తావనకు రాలేదు. ఫిఫా ఒక్కో సభ్య సమాఖ్యకు 2023 నుంచి 2026 వరకు గరిష్ఠంగా 80 లక్షల డాలర్ల దాకా అభివృద్ధి నిధులు కేటాయించింది. సభ్యత్వంతో వచ్చిన అసలు లాభం ఏమిటి, ఆ సొమ్ముతో మైదానాలు ఎక్కడ వచ్చాయి అని ఎవరైనా అడగకముందే చెప్పవలసిన చోటు ఇదే.

మిత్రోవిత్సా ప్రయాణం అదనపు ఖర్చుకు తగ్గదేనా అన్నది మీ అభిరుచిని బట్టి ఉంటుంది. ప్రిష్తినాకు ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ గనుల పట్టణం నడుమ ఇబార్ నది పారుతుంది; దక్షిణాన అల్బేనియన్లు, ఉత్తరాన ఎక్కువగా సెర్బులు నివసిస్తారు. హైతీతో మ్యాచ్ జరిగిన ఆదెం యషారి స్టేడియం దక్షిణం వైపున ఉంది. ఇదే ఊరి గనుల పేరు పెట్టుకున్న త్రెప్చా క్లబ్బు ఒకప్పుడు అల్బేనియన్లు, సెర్బులు కలిసి ఆడిన జట్టు. 1978లో యుగోస్లావ్ కప్ ఫైనల్‌కు చేరి రియేకా చేతిలో 1–0తో ఓడింది. ఇప్పుడు నదికి ఆవలి సెర్బ్ క్లబ్బులు కొసొవో లీగులో ఆడవు. వంతెన దగ్గర గైడ్ ఈ విషయాన్ని నిష్పక్షపాతంగా చెప్పాడు. సెర్బుల వైపు వారు ఈ గుర్తింపును ఎలా చూస్తారో, స్టేడియానికి పెట్టిన గెరిల్లా నాయకుడి పేరు వారికి ఎందుకు రుచించదో వివరించాడు. వ్యాను పాతది, ఏసీ పనిచేయలేదు, తిరుగు ప్రయాణం చెప్పిన సమయం కంటే చాలా ఆలస్యంగా మొదలైంది. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు అవన్నీ సహించవచ్చు. స్కోర్లు, ఆటగాళ్లు మాత్రమే కావలసినవారు నగర నడకతో ఆగిపోవచ్చు.

రాజకీయం మైదానంలోకి చొరబడిన సందర్భాలను కూడా టూరు దాచదు. 2021 మార్చిలో సెవిల్లేలో స్పెయిన్‌తో మ్యాచ్ జరిగినప్పుడు అక్కడి ప్రసార సంస్థ తెరపై కొసొవో పేరును చిన్న అక్షరాలతో చూపింది, దేశమని పిలవకుండా భూభాగమని పిలిచింది. 2024 నవంబరులో బుకారెస్ట్‌లో రొమేనియా అభిమానుల సెర్బియా అనుకూల నినాదాలను నిరసిస్తూ కొసొవో ఆటగాళ్లు చివరి నిమిషాల్లో మైదానం వదిలారు. అప్పటికి 0–0గా ఉన్న మ్యాచ్‌ను రొమేనియాకు 3–0తో కట్టబెట్టారు. ఆటగాళ్లు అలా వెళ్లిపోవడం సరైనదేనా అని గుంపులో వాదన జరిగింది, గైడ్ పక్షం వహించలేదు. నాలుగు నెలలకు, సొంత స్టేడియం మరమ్మతుల్లో ఉన్న ఐస్‌లాండ్ తన మ్యాచ్‌ను స్పెయిన్‌లోని ముర్సియాలో ఆడవలసి వచ్చింది. అక్కడ మురిచి హ్యాట్రిక్‌తో కొసొవో 3–1తో గెలిచి నేషన్స్ లీగు రెండో శ్రేణిలోకి ఎక్కింది. తమను గుర్తించని దేశంలోనే ఈ మెట్టు ఎక్కారన్న సంగతిని గైడ్ ఎంతో ఇష్టంగా చెప్పాడు.

చివరి అట్టముక్క 2026 ప్రపంచ కప్ అర్హత పోటీలది. స్విట్జర్లాండ్, స్వీడన్, స్లొవేనియా ఉన్న గ్రూపులో కొసొవో అట్టడుగున మిగులుతుందనే చాలామంది భావించారు. బాసెల్‌లో స్విట్జర్లాండ్ చేతిలో 4–0తో ఓడినప్పుడు ఆ అంచనా నిజమే అనిపించింది. మూడు రోజులకు ప్రిష్తినాలో స్వీడన్‌ను 2–0తో, 2025 అక్టోబరులో గోథెన్‌బర్గ్‌లో అదే స్వీడన్‌ను అస్లాని గోల్‌తో 1–0గా ఓడించారు. స్వీడన్ తన కోచ్‌ను తొలగించింది. నవంబరులో లుబ్లియానాలో స్లొవేనియాపై 2–0, సొంతగడ్డపై స్విట్జర్లాండ్‌తో 1–1. మొత్తం 11 పాయింట్లతో రెండో స్థానం, మిగిలిన బెర్తుల కోసం జరిగే ప్లేఆఫ్ మ్యాచ్‌లలో చోటు. తొలి ప్రయత్నంలో పది మ్యాచ్‌లకు ఒక్క పాయింటు తెచ్చుకున్న జట్టు తొమ్మిదేళ్లకు ఆరు మ్యాచ్‌లలో ఒక్కటే ఓడింది. ఈ రెండు అట్టముక్కలనూ పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు అతను వ్యాఖ్యానమేమీ చేయలేదు, అవసరం కూడా లేకపోయింది.

వెళ్లదలచినవారికి కొన్ని ఆచరణాత్మక సూచనలు. మ్యాచ్ ఉన్న వారంలో ఈ టూరు తీసుకోకండి. స్టేడియం చుట్టూ దారులు మూసివేస్తారు, ఉన్న 13,500 సీట్ల కోసం దేశం నలుమూలల నుంచీ జర్మనీ, స్విట్జర్లాండ్‌ల నుంచీ జనం దిగుతారు, హోటల్ గదుల ధరలు ఆకాశాన్నంటుతాయి. మ్యాచ్ టికెట్టు ఇప్పిస్తామని ఈ బృందం చెప్పదు, వారిని అడగడం కూడా అనవసరం. ఉదయం బయలుదేరే నడకనే ఎంచుకోండి, అప్పుడు రద్దీ తక్కువగా ఉండి చెవి యంత్రం కాస్త పనిచేస్తుంది. అల్బేనియా లేదా ఉత్తర మాసిడోనియా మీదుగా కొసొవోలోకి వచ్చినవారు అక్కడి నుంచి నేరుగా సెర్బియాలోకి వెళ్లాలనుకుంటే సరిహద్దులో తిప్పిపంపే అవకాశం ఉంది, కాబట్టి ప్రయాణ క్రమాన్ని ముందే చూసుకోవాలి. శాకాహారులు మిత్రోవిత్సా రోజున తినడానికి ఏదైనా వెంట తీసుకెళ్లాలి. మధ్యాహ్నం ఆపే హోటల్లో మాంసం లేనివి జున్ను బురెక్ (పలుచని పొరలతో కాల్చే రొట్టె), సలాడ్ మాత్రమే. నగర నడకకు అయిదుకు నాలుగు, మిత్రోవిత్సా పొడిగింపుకు మూడు ఇస్తాను. స్థానిక క్లబ్బు మైదానాన్ని దారిలో కలిపిన రోజున మొదటి అంకెను పెంచడానికి నాకు అభ్యంతరం లేదు. ఈ మాటే వారి అభిప్రాయ పత్రంలో కూడా రాశాను.